విండోస్ మార్చమని ఎవరైనా ల్యాప్‌టాప్ తెస్తే: అడగాల్సినవి, చూడాల్సినవి, చేయాల్సినవి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. కంప్యూటర్ తెలిసినవాడని వీధిలో పేరు పడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ సంచులు పట్టుకుని మా గుమ్మం ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. "బాబూ, ఇది పదకొండు అవుతాదా?" అని అడుగుతారు, అంటే విండోస్ 11కి మారుతుందా అని. మొదట్లో నేను మిషన్ వంక ఒకసారి చూసి "అవుతుంది, ఉంచి వెళ్లండి" అనేసేవాణ్ణి.

ఆ తొందర ఎంత ప్రమాదమో ఒక రిటైర్డ్ మాస్టారి ల్యాప్‌టాప్‌తో తెలిసింది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేద్దామని, అంటే మిషన్‌ని దాంతో మొదలుపెడదామని, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ అనే రక్షణని ఆపాను. మళ్లీ విండోస్‌లోకి వెళ్లబోతే నీలం తెర వచ్చి, డిస్క్‌కి వేసిన తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ ల్యాప్‌టాప్ కొన్నరోజు తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ల్యాప్‌టాప్ అమ్మిన షాపు కుర్రాడు ఆ ఖాతాని ఏదో మెయిల్ ఐడీతో తెరిచాడట, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. లోపల మాస్టారి పెన్షన్ కాగితాలు, పాత ఆల్బమ్‌ల నుంచి స్కాన్ చేయించుకున్న ఫొటోలు ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లవారాక సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేస్తే, కీ అడగకుండానే తెరుచుకుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ రోజే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఒక వరస రాసుకున్నాను.

ఇక్కడ చెప్పేది ఆ వరసే. ఆఫీసులోనో వీధిలోనో నలుగురూ వచ్చి అడిగే మనిషి మీరైతే ఇది మీకు పనికొస్తుంది. సొంత మిషన్ మార్చుకునేవాళ్లకీ ఇదే దారి.

మొదటి పని: అసలు ఏం అడుగుతున్నారో తేల్చుకోవడం

మన దగ్గర ఒకే మాటకి నాలుగు అర్థాలు. "విండోస్ కొట్టాలి", "ఫార్మాట్ కొట్టేయండి", "సాఫ్ట్‌వేర్ వెయ్యాలి", "అప్‌డేట్ అడుగుతోంది" అంటారు. మాట విని పని మొదలుపెట్టకండి.

అప్‌డేట్ అంటే ఉన్న విండోస్‌కే నెలనెలా వచ్చే మరమ్మతులు. అప్‌గ్రేడ్ అంటే 10 నుంచి 11కి వెళ్లడం. సరిగ్గా చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. ఫార్మాట్ అంటే తుడిచేసి కొత్తగా వేయడం. చాలామంది "ఫార్మాట్" అన్న మాటని బాగుచేయడం అన్న అర్థంలో వాడతారు, తమ ఫైళ్లు పోతాయని వాళ్లకి తెలియదు. అందుకే ఆ మాట వినపడితే నేను ఆగి, "లోపల ఉన్నవన్నీ పోయినా ఫర్వాలేదా?" అని అడుగుతాను. మొహం మారిపోతుంది. అప్పుడు అసలు సంగతి చెబుతారు.

నాలుగోది "స్లో అయిపోయింది, కొత్త విండోస్ వేస్తే బాగుపడుతుందా?" అన్న ప్రశ్న. దీనికి విండోస్ 11 మందు కాదు. 4 జీబీ ర్యామ్, తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్న మిషన్‌లో 11 వేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయిస్తే అదే మిషన్ లేచి కూర్చుంటుంది. అలాంటివాళ్లని ముందు ఆ పనికే పంపండి, విండోస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో రకం ప్రశ్న కూడా వస్తోంది. "మైక్రోసాఫ్ట్ వాళ్లు ఫోన్ చేశారు, విండోస్ గడువు అయిపోయిందట, ఏదో యాప్ వేసుకోమన్నారు" అని. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ తనంతట తాను ఫోన్ చేయదు. అవతలివాడికి మన స్క్రీన్ అప్పగించే యాప్ అది. ఇలా చెప్పినవాళ్ల దగ్గర మొదట అడగాల్సింది బ్యాంకు ఖాతాలోంచి డబ్బేమైనా పోయిందా అని. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయించండి, బ్యాంకుకి చెప్పించండి. ఆ మిషన్‌ని ఇంటర్నెట్ నుంచి విడదీయండి.

రెండో పని: దాంతో ఏం పని చేస్తారో రాసుకోవడం

నేను పాత నోటుపుస్తకంలో ఒక్కో మిషన్‌కి ఒక్కో పేజీ పెడతాను. పైన ప్రాసెసర్ పేరు, ర్యామ్, డిస్క్ రకం, సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో రాస్తాను. విండోస్ వెర్షన్ తెలియాలంటే విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ అని ఇంగ్లిష్‌లో కొడితే చాలు. విండోస్ 10కి చివరి వెర్షన్ 22హెచ్2. అంతకన్నా పాతది ఉంటే ముందు దానికి తీసుకురావడం మేలు.

ఈ వివరాల కన్నా కింద సగం పేజీ ముఖ్యం. అక్కడ రాయాల్సింది ఆ మిషన్‌తో చేసే పని. నరసన్నపేట వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, చిన్న షాపులో ఆధార్‌తో డబ్బులు తీసిచ్చే పని చేస్తాడు. ల్యాప్‌టాప్ అన్ని విధాలా 11కి పనికొస్తుంది. కానీ అతని బతుకంతా వేలిముద్ర తీసుకునే థంబ్ మిషన్ మీదే. దాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవరు ప్రోగ్రామ్, వేలిముద్రని భద్రంగా పంపే ఆర్‌డీ సర్వీసు కొత్త విండోస్‌లో పనిచేస్తాయో లేదో తయారుచేసినవాళ్ల సైటులో చూశాకే ముట్టుకున్నాం. ఒక్కరోజు ఆగితే అతనికి ఒక్కరోజు సంపాదన పోతుంది.

అలా ముందే అడిగి తెలుసుకోవాల్సినవి మన ప్రాంతంలో ఎక్కువగా ఇవి. పలాస జీడిపప్పు వ్యాపారుల నుంచి కిరాణా షాపుల దాకా వాడే లెక్కల ప్రోగ్రామ్ ట్యాలీ ఏ వెర్షన్, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది. టెండర్లు వేసేవాళ్లు, ఆడిటర్లు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కి డ్రైవరు దొరుకుతుందా. పదేళ్ల నాటి ప్రింటర్ ఉంటే దానికి 64 బిట్ డ్రైవరు ఉందా. ఇది ఎందుకంటే విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు. 32 బిట్ విండోస్ 10 నడుస్తున్న మిషన్‌ని ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచుతూ నేరుగా 11కి తీసుకెళ్లడం కుదరదు, కొత్తగా వేయాల్సిందే.

డీటీపీ షాపువాళ్ల సంగతి వేరే చెప్పాలి. శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలో, పాత పేజ్‌మేకర్‌లో పనిచేస్తున్నారు. అవి అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంట్లు, కీబోర్డ్ ప్రోగ్రామ్ లేని చోట ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అప్‌గ్రేడ్‌లో ఏదైనా తేడా వస్తే ఏళ్ల తరబడి చేసిన పని అక్షరం అర్థంకాని స్థితిలో మిగులుతుంది. డీటీపీ షాపు మిషన్ వస్తే ఫాంట్ల ఫోల్డరు, కీబోర్డ్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాలర్, దాని లైసెన్సు వివరాలు చేతికి వచ్చేదాకా నేను మొదలుపెట్టను. పెళ్లిళ్ల సీజన్ అయితే అసలే వద్దంటాను. నడుస్తున్న మిషన్‌ని ముహూర్తాల నెలలో కదపడం ఎవరికీ మంచిది కాదు.

మూడో పని: ఫైళ్లు బయటికి తీయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. "డి డ్రైవ్‌లో పెట్టాను బాబూ, ఏం కాదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. సి, డి అన్నవి చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకే డిస్క్‌లోని రెండు గదులు. ఇల్లు కూలితే రెండు గదులూ పోతాయి. బ్యాకప్ అంటే ఆ మిషన్ బయట, ఇంకో వస్తువు మీద ఉన్న నకలు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంటే మేలు, ఫైళ్లు తక్కువైతే మంచి పెన్‌డ్రైవ్ సరిపోతుంది.

డాక్యుమెంట్లు, ఫొటోలు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పరిచి ఉన్నవన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల మార్కుల జాబితాలు ఉంటాయి. ట్యాలీ డేటా ఎక్కడుందో ట్యాలీ తెరిచి అందులో కనిపించే దారిని బట్టే వెతకాలి, ఊహించకూడదు. ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఫోల్డరుని కూడా విడిగా కాపీ చేయండి. బ్రౌజరులో దాచిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఔట్‌లుక్ వాడేవాళ్ల మెయిల్ ఫైలు ఉంటుంది. వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా అనుకునేవాళ్లకి ఒక మాట: ఉచితంగా వచ్చేది 5 జీబీనే, అది నిండాక మిగతావి ఎక్కవు. సైటు తెరిచి నిజంగా అక్కడ ఉన్నాయో లేవో చూడండి.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూపించండి. యజమాని పక్కన ఉన్నప్పుడే చూపించండి. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడిగితే అప్పుడే గుర్తొస్తుంది, పొలం పాస్‌బుక్ స్కాన్ ఫలానా చోట ఉందని.

తర్వాత 48 అంకెల కీ. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ (రెండూ డిస్క్‌కి తాళం వేసేవే) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, రికవరీ కీని కాగితం మీద రాసి లేదా ప్రింటు తీసి వాళ్ల చేతికే ఇవ్వండి. మిషన్‌లో కనిపించే కీ ఐడీ, ఖాతాలో ఉన్న కీ ఐడీ ఒకటేనా అని సరిచూడండి. ఖాతా పాస్‌వర్డ్ తెలియకపోతే, విండోస్ తెరుచుకుంటున్నప్పుడే కీని అందులోంచి విడిగా దాచుకోండి, లేదా ఎన్‌క్రిప్షన్ ఆపి అది పూర్తయ్యేదాకా ఆగండి. బయోస్‌లో ఏ మార్పు చేయాలన్నా అంతకుముందే బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా నిలిపివేయాలి. మాస్టారి విషయంలో నేను వదిలేసింది ఈ ఒక్క మెట్టే.

నాలుగో పని: మిషన్ పనికొస్తుందో లేదో చూడటం

మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే అవునో కాదో చెబుతుంది, కాదంటే కారణం చెబుతుంది. ఆ కారణం చదవడం మన పని. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్), సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 (భద్రతకి వాడే చిప్), మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి.

ఇంటెల్ అయితే నంబరు చూసి చాలావరకు చెప్పేయొచ్చు. ఐ5-8250యు అంటే 8వ తరం, పనికొస్తుంది. ఐ3-7020యు అంటే 7వది, ఐ3-5005యు అంటే 5వది, ఇవి రెండూ కావు. ఐ5-1135జీ7 లాంటివి 11వ తరం. ఒకటి రెండు మినహాయింపులు తప్ప 8 నుంచి పైవి అని గుర్తుపెట్టుకోండి. ఏఎండీ రైజెన్‌లో నంబరుని నమ్మి చెప్పకండి, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఆ పేరు వెతకండి.

"టీపీఎం లేదు" అని వస్తే కంగారు పడనక్కర్లేదు. 8వ తరం, ఆ తర్వాతి మిషన్లలో చాలావరకు అది ఉంటుంది, బయోస్‌లో ఆపి ఉండొచ్చు. ఇంటెల్‌లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ రాసి ఉంటుంది. ఆన్ చేస్తే చాలు. లెగసీ అనే పాత బయోస్ పద్ధతిలో విండోస్ వేసి ఉంటే మాత్రం డిస్క్ విభజన పద్ధతిని ఎంబీఆర్ అనే పాతదాని నుంచి జీపీటీ అనే కొత్తదానికి మార్చాకే యూఈఎఫ్ఐకి మారాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, ఫైళ్లు పోకుండా మారుస్తుంది. బ్యాకప్ లేకుండా దాని జోలికి పోవద్దు.

పనికిరాని మిషన్‌కి ఏం చెప్పాలి

"ఏదో ట్రిక్ ఉందట కదా, వేసేయ్ అన్నయ్యా" అని కుర్రాళ్లు అడుగుతారు. తనిఖీలు దాటించే పద్ధతులు ఉన్న మాట నిజమే. కానీ అలాంటి మిషన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక మరీ పాత ప్రాసెసర్లలో అది బూట్ కూడా అవ్వదు. సొంత మిషన్ మీద ప్రయోగం చేసుకోవచ్చు. జీతాలు, లెక్కలు, డబ్బు లావాదేవీలు నడిచే ఇంకొకరి మిషన్‌కి నేను చేయను. ఎందుకు చేయనో కూర్చోబెట్టి చెబుతాను.

వాళ్లకి మొదటి దారి విండోస్ 10లోనే ఉండి, పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో చేరడం. ఇంట్లో వాడే మిషన్లకి మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌ని ఖాతాతో సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, అవీ లేకపోతే 30 డాలర్లు లేదా దానికి సమానమైన మొత్తం. కొత్త మిషన్‌కి డబ్బు కూడబెట్టుకునే వ్యవధి ఇది.

రెండోది లైనక్స్, అంటే విండోస్‌కి బదులు వేసుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. డిగ్రీ చదివే పిల్లలకి, బ్రౌజరు, యూట్యూబ్, ఉత్తరాలు తప్ప వేరే పనిలేని ఇళ్లకి లైనక్స్ మింట్ బాగా సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా మద్దతు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, 4 జీబీ ర్యామ్‌లోనూ నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి, డిస్క్‌ని ముట్టుకోకుండా ఒక పూట వాడి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో అప్పుడే తెలిసిపోతుంది. తెలుగు టైపింగ్ కూడా కుదురుతుంది. థంబ్ మిషన్, ట్యాలీ, అను ఫాంట్లు వాడేవాళ్లకి మాత్రం దీన్ని సూచించకండి.

అప్‌గ్రేడ్ చేసే రోజు

రోజు ఎంచుకోవడంలో మన జిల్లాకి ఒక ప్రత్యేకత ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త ఉంటే వాయిదా వేయండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేకుండా ఎన్ని రోజులున్నామో మనకి తెలుసు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జర్ పెట్టే ఉండాలి. డెస్క్‌టాప్‌కి పనిచేసే యూపీఎస్ లేకపోతే మొదలుపెట్టకండి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పాడవ్వొచ్చు.

డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది. రోజుకి 1.5 జీబీ వచ్చే ఫోన్ డేటాతో ఇది అయ్యే పని కాదు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చోట మైక్రోసాఫ్ట్ సైటు నుంచే ఐఎస్ఓ ఫైలు (విండోస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దింపుకుని, 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అదే పెన్‌డ్రైవ్ పదిమందికి పనికొస్తుంది. సి డ్రైవ్‌లో 30 జీబీ దాకా ఖాళీ ఉండేలా చూసుకుంటే మధ్యలో ఆగదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే కొత్తగా వేయడమే కుదురుతుంది, ప్రోగ్రాములు మిగలవు. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచుతూ అప్‌గ్రేడ్ చేయాలంటే నడుస్తున్న విండోస్ 10 లోపలే పెన్‌డ్రైవ్ తెరిచి, అందులోని సెటప్ ఫైలు నడపాలి. ముందుకెళ్లాక ఏం ఉంచాలో అడుగుతుంది. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచే ఎంపిక అక్కడ ఉండాలి. అది నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో కనిపిస్తే ముందుకెళ్లకండి. చాలాసార్లు కారణం భాష: లోపలున్నది అమెరికా ఇంగ్లిష్, మీరు తెచ్చింది ఇంటర్నేషనల్ ఇంగ్లిష్, లేదా ఆ రెండూ తారుమారు. సరిపోయే ఐఎస్ఓ తెచ్చుకుంటే ఆ ఎంపిక తెరుచుకుంటుంది.

మొదలుపెట్టే ముందు ప్రింటర్, థంబ్ మిషన్, అదనపు డిస్క్ అన్నీ విప్పేయండి. బ్యాకప్ డిస్క్ కూడా. తర్వాత గంటో రెండు గంటలో పడుతుంది, పాత డిస్క్ అయితే ఇంకా ఎక్కువ. శాతం ఒకచోట చాలాసేపు నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. పవర్ బటన్ నొక్కాలనిపిస్తుంది, నొక్కకండి.

తర్వాతి పది రోజులు

మిషన్ తెరుచుకోగానే అప్పగించేయకండి. యాక్టివేట్ అయిందా, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమైనా ఉన్నాయా చూడండి. తర్వాత నోటుపుస్తకంలో రాసుకున్న పనులన్నీ యజమాని చేతే చేయించండి. ట్యాలీలో ఒక వోచర్, ప్రింటర్‌లో ఒక కాగితం, థంబ్ మిషన్‌తో ఒక పరీక్ష. తెలుగు కీబోర్డు ఉందో చూడండి. పాత ఫైళ్లలో గౌతమి ఫాంట్ కనిపించకపోతే, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు ఫాంట్లు చేర్చండి, వస్తుంది.

పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలు 10 రోజులే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ దగ్గర ఆ బటన్ ఉంటుంది. సి డ్రైవ్‌లో విండోస్ ఓల్డ్ అన్న ఫోల్డరు ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. ఖాళీ కోసం దాన్ని తుడిచేయొద్దని గట్టిగా చెప్పండి. నేను ఒక కాగితం మీద పదో రోజు తేదీ రాసి ఛార్జర్ బ్యాగ్‌లో పెడతాను. ఈ లోపల నెలాఖరు లెక్కలు, జీఎస్టీ రిటర్ను లాంటి అరుదైన పనులు కూడా ఒకసారి తెరిచి చూసుకోమంటాను. అవి గడువు దాటాక ఆగిపోతే వెనక్కి వెళ్లడం కుదరదు. పది రోజుల్లో తేలని పనులుంటే మొదట్లోనే ఒక కమాండ్‌తో ఈ గడువుని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు.

తొమ్మిదో రోజు నేనే ఫోన్ చేస్తాను. "పిన్నీ, ప్రింటర్ వస్తోందా? టోకెన్ పనిచేస్తోందా?" అని అడుగుతాను. ఏదైనా తేడా ఉంటే ఆ రోజే వెనక్కి తిప్పేస్తాం. అంతా బాగుంటే పేజీ మీద టిక్కు పెడతాను. బ్యాకప్ డిస్క్ మాత్రం ఇంకో నెల వరకు ఖాళీ చేయొద్దని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.